బేత్లెహేముకు ఒక పూట చాలదు: క్రీస్తు జనన స్థలాలను ఏ వరుసలో చూడాలి

హైదరాబాదు, విజయవాడల నుంచి వెళ్లే హోలీ ల్యాండ్ టూర్లలో బేత్లెహేముకు సాధారణంగా ఒక పూటే దొరుకుతుంది. యేసు పుట్టాడని చూపే గుహ దగ్గర క్యూ, ఒలీవ చెక్క బొమ్మల షాపు, భోజనం అయ్యేసరికి బస్సు బయల్దేరుతుంది. మొక్కు తీర్చుకోవడానికి అది సరిపోవచ్చు. జనన వృత్తాంతాన్ని ఆ కాలంలో పెట్టి చదవాలనుకునేవారికి మాత్రం నజరేతులో ఒక పగలు, బేత్లెహేములో ఒక రాత్రి, హేరోదు రాజు కోట ఉన్న హేరోదియం కొండ మీద రెండు గంటలు తప్పనిసరి. డబ్బు కట్టకముందే ఈ మూడూ ఏజెంటు చేత ప్రోగ్రాంలో రాయించుకోండి. అక్కడికి చేరాక రూటు మార్పించడం దాదాపు కుదరదు.

ఇంకో సంగతి. మత్తయి, లూకా సువార్తలను విడివిడిగా చదవండి. మన క్రిస్మస్ నాటకాల్లో గొల్లలు, జ్ఞానులు ఒకే రాత్రి ఒకే పాకలో నిలబడతారు. లూకా కథ నజరేతులో మొదలై ప్రజాసంఖ్య (జనాభా లెక్క) వల్ల బేత్లెహేముకు వస్తుంది. అందులో జ్ఞానులు లేరు. మత్తయిలో గొల్లలు లేరు, ప్రజాసంఖ్య లేదు. జ్ఞానులు వచ్చి శిశువును చూసింది ఒక ఇంట్లో. నజరేతు పేరు రెండో అధ్యాయం చివర వస్తుంది, అదీ హేరోదు కొడుకు అర్కెలాయుకు భయపడి యోసేపు గలిలయకు వెళ్లినందువల్ల. కాబట్టి లూకా 1 నజరేతులో, లూకా 2 బేత్లెహేములో, మత్తయి 2 హేరోదియం మీద చదివితే ఏ కథ ఎక్కడ నిలబడిందో స్పష్టంగా కనిపిస్తుంది.

నజరేతులో అందరూ చూసేది దేవదూత మరియకు వార్త చెప్పిన చోటుగా చూపే, 1969లో ప్రతిష్ఠించిన మంగళవార్త బసిలికా (పెద్ద చర్చి). దాని ఎదురుగా ఉన్న మేరీ ఆఫ్ నజరేత్ కేంద్రం కింది అంతస్తును వదలొద్దు. 2009లో ఇశ్రాయేలు పురావస్తు శాఖ ప్రకటించిన మొదటి శతాబ్దపు ఇంటి అవశేషాలు అక్కడ ఉన్నాయి: చిన్న గదులు, ఒక వాకిలి, వాన నీళ్ల తొట్టి. యోసేపు కాలపు ఊరు ఎంత చిన్నదో ఆ గోడలే చెబుతాయి. తర్వాత నజరేత్ విలేజ్. ఇది కొత్తగా కట్టిన నమూనా పల్లె అయినా స్థలంలో పాత ద్రాక్ష గానుగ, మెట్ల పొలాలు అసలువే. గైడుతోనే తిప్పుతారు, ఆదివారం మూసి ఉంటుంది, ముందుగా బుక్ చేసుకోవాలి. సమయం తక్కువైతే బసిలికా పై అంతస్తు తగ్గించుకుని ఈ రెండిటికీ ఇవ్వండి.

బేత్లెహేము జనన ఆలయం కాన్‌స్టంటైన్ కాలంలో, 4వ శతాబ్దంలో మొదలైంది. ఇప్పుడున్న కట్టడం ప్రధానంగా 6వ శతాబ్దపు జస్టీనియన్ నాటిది. ద్వారం ఎత్తు సుమారు 1.2 మీటర్లే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు చెయ్యి అందించాలి. గుహలోకి మెట్లు ఇరుకు, అరిగి జారుడుగా ఉంటాయి. అందరూ వంగి ముద్దుపెట్టే వెండి నక్షత్రానికి 14 కోణాలు. మత్తయి వంశావళిలోని పద్నాలుగు తరాల లెక్కతో దాన్ని ముడిపెట్టి చెబుతారు. ఆలయాన్ని గ్రీకు ఆర్థడాక్స్, కాథలిక్, ఆర్మీనియన్ సంఘాలు పంచుకుంటాయి కాబట్టి ఎవరి ఆరాధన జరుగుతుంటే వారి వేళకు గుహలోకి పంపడం ఆపేస్తారు. ఆదివారం ఉదయం పెట్టుకోవద్దు. మామూలు రోజుల్లోనూ బస్సులు దిగే తొమ్మిది, పది గంటలకు క్యూ పొడవవుతుంది. ఊళ్లో రాత్రి ఉన్నవారు తెల్లవారగానే నిదానంగా చూసి రావచ్చు.

సువార్తల్లో గుహ మాట లేదు. 2వ శతాబ్దం మధ్యలో క్రైస్తవ రచయిత జస్టిన్ రాతల్లో కనిపిస్తుంది. 3వ శతాబ్దంలో మరో క్రైస్తవ పండితుడు ఒరిగెన్ నాటికి బేత్లెహేములో గుహను చూపిస్తున్నారు. ఈ సున్నపురాతి కొండల్లో గుహను ఆనుకుని ఇల్లు కట్టుకోవడం, రాత్రి పశువులను లోపలే ఉంచడం మామూలు. పశువుల తొట్టి ఉన్న చోటల్లా ఊరి బయటి పాక ఉండాల్సిన పని లేదు. అలా చూస్తే గుహ, మత్తయి చెప్పిన ఇల్లు, లూకా చెప్పిన పశువుల తొట్టి ఒకదానికొకటి అడ్డం రావు.

గొల్లల పొలాలు బేత్ సాహూర్‌లో, ఆలయానికి తూర్పున రెండు కిలోమీటర్ల దూరం. కాథలిక్కులది ఒకటి, గ్రీకులది ఒకటి. ఏది అసలుదో తేల్చే ఆధారం లేదు. బృందంగా పాట పాడి ప్రార్థన చేసుకోవడానికి కాథలిక్ స్థలంలోని గుహలు అనుకూలం, ముందే అడిగి పెట్టుకోవాలి.

ఇక హేరోదియం. టూర్లు తరచుగా వదిలేసేది ఇదే, నిజానికి అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఇదే. బేత్లెహేముకు ఆగ్నేయంగా సుమారు 5 కిలోమీటర్లు. కొండ పైభాగాన్ని మట్టిపోసి పెంచి, లోపల కోటా రాజభవనమూ కట్టించాడు హేరోదు. 2007లో పురావస్తు పరిశోధకుడు ఎహుద్ నెట్జర్ అతని సమాధి ఇక్కడే దొరికిందని ప్రకటించారు, దాన్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. పైనుంచి బేత్లెహేము కళ్లెదుటే ఉంటుంది. ఆ పల్లెలో జనం ఎవరి నీడలో బతికారో మ్యాపు లేకుండానే అర్థమవుతుంది. హేరోదు బేత్లెహేములో చేయించాడని మత్తయి చెప్పే చిన్నపిల్లల వధ గురించి మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాయలేదు. ఇదే రాజు సొంత కొడుకులు ముగ్గురిని చంపించిన సంగతి మాత్రం రాశాడు.

కాలం లెక్క కూడా ఇక్కడే కూర్చుని చూసుకోవాలి. హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది పండితుల లెక్క, కనుక యేసు పుట్టుక అంతకుముందే. క్రీస్తు శకాన్ని 6వ శతాబ్దంలో డయొనీసియస్ అనే సన్యాసి లెక్కగట్టినప్పుడు ఆ తేడా వచ్చింది. గట్టి చిక్కు లూకా 2:2లో ఉంది: యేసు పుట్టినప్పటి ప్రజాసంఖ్య కురేనియు సిరియా అధిపతిగా ఉండగా జరిగిందని అక్కడ ఉంది. జోసీఫస్ ప్రకారం కురేనియు ప్రజాసంఖ్య రోము అర్కెలాయును తొలగించాక, క్రీ.శ. 6లో జరిగింది, అంటే పదేళ్ల ఎడం. కురేనియు అంతకుముందు ఒకసారి సిరియాను ఏలాడని కొందరంటారు, దానికి గట్టి ఆధారం లేదు. హేరోదు చివరి ఏళ్లలో సిరియా అధిపతులు సటర్నైనస్, వారస్. ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లాలన్న క్రీ.శ. 104 నాటి ఐగుప్తు ఆజ్ఞాపత్రాన్ని గైడ్లు లూకాకు రుజువుగా చూపిస్తారు. అది కాపురమున్న ఇంటికి రమ్మంది, దావీదు నాటి పూర్వికుల ఊరికి కాదు. ఈ ముడి విప్పేశామని చెప్పే గైడు మాటను నమ్మకండి. విప్పనంత మాత్రాన విశ్వాసానికి వచ్చే లోటు లేదు.

కొండ ఎక్కడానికి ఇరవై నిమిషాలు, లోపలి నీటి తొట్ల మీదుగా దిగే దారిలో మెట్లెక్కువ. చలికాలంలో త్వరగా, శుక్రవారం ఇంకా ముందుగా మూస్తారు. మధ్యాహ్నం రెండు లోపు చేరాలి. బేత్లెహేము టాక్సీతో వెళితే వెయిటింగుతో కలిపి మొత్తం షెకెల్స్‌లో (ఇశ్రాయేలు కరెన్సీ) ముందే ఖాయం చేసుకోండి.

బసకు జనన ఆలయం పక్కనే ఉన్న ఫ్రాన్సిస్కన్ల కాసా నోవా మంచిది: సాదా గదులు, తెల్లవారుజామున నడిచి వెళ్లే దూరం. బేత్లెహేము బస యెరూషలేము కన్నా సాధారణంగా చవక. డిసెంబరు రాత్రులు బాగా చల్లగా ఉంటాయి, వాన కూడా పడుతుంది. స్వెటరు ఒక్కటే తీసుకెళ్తే ఇబ్బంది పడతారు.

సొంతంగా వెళ్లేవారికి యెరూషలేము దమస్కు గుమ్మం దగ్గర 231 నంబరు బస్సు. ఇశ్రాయేలులో అద్దెకు తీసుకున్న కార్లకు, పాలస్తీనా పాలనలో ఉన్న బేత్లెహేములో బీమా సాధారణంగా వర్తించదు. తిరుగు దారిలో చెక్‌పోస్టు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టు, వచ్చినప్పుడు ఇచ్చిన ఎంట్రీ చీటీ హోటల్లో వదలొద్దు. 2023 అక్టోబరులో యుద్ధం మొదలైన తర్వాత దారులు, వేళలు తరచు మారుతున్నాయి. టికెట్టు కొనేముందు భారత విదేశాంగ శాఖ సూచనలు చూడండి. ఆంధ్రప్రదేశ్ వారికి యెరూషలేము యాత్రకు ప్రభుత్వ సాయం ఉండేది. 2019లో దాన్ని 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 60,000, ఆపైవారికి 30,000 రూపాయలకు పెంచారు. ఇప్పుడు ఎంత ఇస్తున్నారో, దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో క్రిస్టియన్ మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్‌లో అడిగాకే ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వండి.