పిల్లికూనలకి బేబీక్యాట్ ఫుడ్, పాలపొడి: రెండు నెలలు వాడాక చెప్తున్నా

రాయల్ కానిన్ వాళ్ళ మదర్ అండ్ బేబీక్యాట్ డ్రై ఫుడ్, దానికంటే ముందు కొన్నాళ్ళు వాడిన పిల్లికూనల పాలపొడి, ఈ రెండింటి గురించే ఈ రివ్యూ. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. కానీ "పిల్లిపిల్లకి మోషన్స్ అవుతున్నాయి, ఏ ఫుడ్ పెట్టాలి" అని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చినవాళ్ళు దయచేసి మొత్తం చదవండి. నేనూ అలాగే వెతికాను, తిండి మార్చి మార్చి చూశాను, అసలు చూడాల్సింది వేరే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

మాది విజయవాడ. జులైలో వానలు పట్టుకున్న వారంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జనరేటర్ వెనకాల మూడు కూనలు దొరికాయి. తల్లి రెండు రోజులుగా కనపడటం లేదని వాచ్‌మన్ భార్య చెప్పింది. కళ్ళు తెరిచి ఉన్నాయి, చెవులు నిలబడ్డాయి, ముందు పళ్ళు అప్పుడే చిగుళ్ళలోంచి సూదిమొనల్లా పొడుచుకొస్తున్నాయి, అంటే సుమారు మూడు వారాల వయసని తర్వాత డాక్టరు గారు చెప్పారు. వంటింటి కాటా మీద పెడితే 320, 290, 235 గ్రాములు. మా అమ్మాయి వాటికి బెల్లం, మినుము, సగ్గు అని పేర్లు పెట్టింది. ఆ 235 గ్రాములదే సగ్గు.

మొదటి తప్పు ఆ రాత్రే జరిగింది. "గేదె పాలు చిక్కన, అరగవు, సగానికి సగం నీళ్ళు పోసి పట్టు" అన్నారు మా అత్తయ్య గారు. మన ఇళ్ళల్లో అందరూ చేసేదే కాబట్టి నేనూ అదే చేశాను. తెల్లారేసరికి మూడింటికీ నీళ్ళ విరేచనాలు, పుల్లటి వాసన, తోక కింద అంతా అంటుకుపోయి పచ్చిగా అయిపోయింది. తల్లిపిల్లి పాలల్లో ఉన్నంత ప్రొటీన్ ఆవు పాలల్లో గానీ గేదె పాలల్లో గానీ ఉండదు, వాటిల్లోని లాక్టోజ్ అనే చక్కెర కూనల కడుపుకి పడదు, పైగా నీళ్ళు కలిపితే ఉన్న కాస్త బలమూ పోతుంది. పాపం అత్తయ్య గారి తప్పేమీ లేదు, ఆవిడ చూసిన పిల్లులన్నీ పక్కన తల్లి ఉన్నవి.

క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరు గారు పాలు ఏం పట్టారని అడగనేలేదు, ముందు సగ్గు పాదాలు, చెవులు పట్టుకుని చూశారు. చల్లగా ఉన్నాయి. ఒళ్ళు చల్లబడిన కూనకి పేగులు సరిగ్గా కదలవు, అప్పుడు పాలు పడితే అరక్క కడుపులోనే ఉండిపోతాయి. అందుకని ముందు వేడి, తర్వాతే పాలు అన్నారు. చిగుళ్ళు తడిగా ఉండాల్సింది వేలికి జిగటగా తగిలాయి, అంటే ఒంట్లో నీరు తగ్గిపోయిందన్నమాట. చర్మం కింద సెలైన్ ఎక్కించి పంపించారు. ఇంట్లో వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కనే పెట్టాను, వేడెక్కువైతే అవే అవతలి పక్కకి జరుగుతాయి కాబట్టి.

ఇక పాలపొడి సంగతి. పిల్లికూనల కోసమే చేసినది కొనండి, మనుషుల పిల్లలకి పట్టే డబ్బా పాలు వద్దు. కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్ళల్లో ప్యాకెట్ మీద రాసిన కొలతకే కలపాలి, చిక్కగా ఉంటే బలం అని ఒక స్పూను ఎక్కువ వేస్తే మళ్ళీ మోషన్సే. పొడి కొంచెం ఉండకడుతుంది, టీ వడగట్టే జల్లెడలో వడగట్టేదాన్ని. నేను కొన్న బాటిల్ పీకకి చిల్లు లేదు, అది తెలియక పావుగంట తంటాలు పడ్డాను, కాల్చిన సూదితో మనమే పొడుచుకోవాలి. బాటిల్ తలకిందులు చేస్తే ఒక్కొక్క చుక్కే పడాలి, ధార కారితే ఆ పీక పారేయండి. కూనని బోర్లా ఉంచే పాలు పట్టాలి, చంటిపిల్లల్లాగా వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇది ప్రాణం మీదకి వచ్చే విషయం.

పాలపొడికి మారినా రెండు రోజులు మోషన్స్ తగ్గలేదు. పొడి పడలేదేమో అనుకుని ఇంకో కంపెనీది ఆర్డర్ పెట్టబోయాను కూడా. ఫోన్ చేస్తే డాక్టరు గారు అడిగింది ఒకటే, ఒక్కోసారికి ఎంత పడుతున్నారమ్మా అని. ఏడుపు ఆపేదాకా పడుతున్నానని చెప్పాను, అంటే 20 మిల్లీలీటర్ల దాకా వెళ్తోంది. 100 గ్రాముల బరువుకి ఒక్కసారికి సుమారు 4 మిల్లీలీటర్లకు మించొద్దు అన్నారు. సగ్గుకి 9, బెల్లానికి 12 లేదా 13. ఆ చిన్న కడుపు పట్టేదే అంత. నాలుగు గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా అలారం పెట్టుకుని లేచి, సిరంజితో కొలిచి బాటిల్లో పోసి పట్టాను. రెండో రోజుకి మోషన్ టూత్‌పేస్ట్ అంత గట్టిగా అయింది. అదే పొడి, అవే నీళ్ళు, కొలత ఒక్కటే మారింది. అందుకే పాలపొడికి తక్కువ మార్కులు వేసే ముందు మీరు ఎంత పడుతున్నారో ఒకసారి చూసుకోమంటున్నాను.

కూనలకి నాలుగు వారాల వయసు దాటాక బేబీక్యాట్ మొదలుపెట్టాను. గింజలు చాలా చిన్నవి, గోరువెచ్చని నీళ్ళల్లో ఓ ఇరవై నిమిషాలు నానితే మధ్యలో గట్టి పలుకు లేకుండా మెత్తబడిపోతాయి, ఇది నాకు బాగా నచ్చింది. మొదటి మూడు రోజులు అందులో పాలపొడి పాలు కలిపి గంజిలా పలచగా, అంచు లేని పళ్ళెంలో పెట్టాను. బెల్లం నాలుగు కాళ్ళూ పళ్ళెంలో పెట్టి తినేసింది, మినుము వేలికి రాసి నోట్లో పెడితే గానీ ముట్టలేదు. రోజురోజుకీ చిక్కదనం పెంచుకుంటూ పోతే ఏడో వారానికల్లా మూడూ ఎండు గింజలే కొరికి తిన్నాయి. మోషన్ గట్టిగా, వాసన తక్కువగా. ఇదే ఫుడ్ చూలుతో ఉన్న పిల్లులకీ, పాలిచ్చే తల్లులకీ కూడా పెట్టొచ్చు, కాబట్టి తల్లీ పిల్లలూ కలిసి ఉన్నవాళ్ళకి ఒకే సంచి సరిపోతుంది.

పెరుగన్నం సరిపోదా అని చాలామంది అడిగారు. సరిపోదు. పిల్లి మాంసాహారి, దానికి టారిన్ అనే పదార్థం తిండిలోంచే అందాలి, అన్నంలో అది ఉండదు. అది చాలకపోతే కంటిచూపు దెబ్బతింటుంది, గుండె జబ్బు వస్తుంది. గుండెతో దానికున్న సంబంధం 1987లో అమెరికాలో బయటపడ్డాకే కంపెనీలు క్యాట్ ఫుడ్‌లో దాన్ని పెంచాయి. ఉప్పూ కారం వేయకుండా ఉడికించిన చికెన్ అప్పుడప్పుడు పెట్టొచ్చు, ఉల్లి, వెల్లుల్లి తగిలిన మన కూర ముక్క మాత్రం వద్దు.

కష్టాలు అక్కడితో అయిపోలేదు. సంచి అయిపోయినప్పుడు దగ్గర్లోని ఒక పెట్ షాపులో "ఇదే ఫుడ్ మేడం, లూజుగా అయితే సగం రేటు" అని డబ్బాలోంచి తీసి మామూలు కవర్లో కట్టిచ్చారు. తేదీ లేదు, పేరు లేదు, నిజంగా అదే ఫుడ్డో కాదో చెప్పే గుర్తు ఏదీ లేదు. ఇంటికొచ్చి కవరు విప్పితే పాత నూనె కంపు. అప్పుడే పారేయాల్సింది, డబ్బు పెట్టాం కదా అని పెట్టేశాను. మర్నాటికి మూడింటికీ మళ్ళీ మొదలు. వెళ్ళి అడిగితే పిల్లిపిల్లలకి అలాగే అవుతుంది, మనం వేసుకునే మోషన్స్ బిళ్ళ పావు ముక్క వేయండి అని సలహా. అది వినగానే నాకు కోపం ఆగలేదు. మన మందులు పిల్లులకి వేయకూడదు, పారాసెటమాల్ అయితే కొద్దిగా పడినా పిల్లి చచ్చిపోతుంది. నిజమైన ఫుడ్డే అయినా ఏడు రోజుల పాటు పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి, నేను ఒక్క పూటలో మార్చేశాను.

సీల్ ఉన్న సంచి తెచ్చాక బెల్లం, మినుము కుదుటపడ్డాయి. సగ్గు మాత్రం కుదుటపడలేదు. మోషన్‌లో జిగురు, ఒకరోజు సన్నగా రక్తపు చార. ఇంకో ఫుడ్ కొనకుండా ఈసారి తాజా మోషన్ చిన్న డబ్బాలో పట్టుకుని గంటలోపే క్లినిక్‌కి తీసుకెళ్ళాను. మైక్రోస్కోపులో ఏలికపాముల గుడ్లు, కాక్సిడియా అనే పేగుల్లో ఉండే సూక్ష్మ పరాన్నజీవులు, రెండూ కనపడ్డాయి. ఏలికపాములు తల్లిపాల ద్వారానే కూనలకి వచ్చేస్తాయట, అందుకే చిన్నప్పుడే మొదలుపెట్టి రెండేసి వారాలకి పురుగుల మందు వేయిస్తారు. మొదటిసారి వెళ్ళినప్పుడే, కాస్త కోలుకున్నాక వారానికి తీసుకురమ్మన్నారు డాక్టరు గారు. మోషన్స్ తగ్గాయి కదా అని నేను తీసుకెళ్ళలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. బరువు చూసి మందు ఇచ్చారు, వారంలో సర్దుకుంది. మోషన్స్‌తో పాటు వాంతులు, జ్వరం, మూల నక్కి కూర్చోవడం ఉంటే మాత్రం రేపు చూద్దాం అనుకోకండి, పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు అయితే రోజుల్లోనే ప్రాణం పోతుంది. దానికి టీకా ఉంది, 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెడతారు.

ఒక మార్కు తగ్గించింది ధరకి. మూడు కూనలకి 400 గ్రాముల సంచి చూస్తుండగానే అయిపోతుంది, చేత్తో వీధికూనలని పెంచేవాళ్ళకి ఇది భారమే. నానబెట్టింది మన ఉక్కకి త్వరగా పులుస్తుంది కాబట్టి కొంచెం కొంచెమే నానబెట్టి, గంటలో మిగిలింది పారేయండి. ఎండుది సంచితో సహా మూత గట్టి స్టీలు డబ్బాలో పెడుతున్నాను, వానాకాలం మొత్తం మెత్తబడలేదు.

సగ్గు నిన్న 1 కిలో 60 గ్రాములు తూగింది.