నికోటిన్ ప్యాచ్, నికోటిన్ గమ్: ఏది ఎవరికి?

సిగరెట్ మానాలని నిశ్చయించుకున్నవారికి మందుల దుకాణంలో ఎదురయ్యే సందేహం ఇది. పొగాకుకు బానిసను చేసే నికోటిన్‌ను పొగ లేకుండా కొద్దికొద్దిగా అందించి, సిగరెట్ కోరికను తగ్గించేవే ఈ రెండూ. ప్యాచ్ చర్మానికి అంటించే పట్టీ, గమ్ నోట్లో నమిలేది.

ప్యాచ్‌తో పెద్ద సుఖం, పొద్దున అంటించి ఇక దాని సంగతి మరచిపోవచ్చు. చర్మం గుండా నికోటిన్ రోజంతా నిలకడగా అందుతుంది. 21, 14, 7 మిల్లీగ్రాములుగా మోతాదును మెల్లగా తగ్గించుకుంటూ రావచ్చు. చర్మం దురద పెట్టకుండా రోజూ చోటు మార్చాలి. రాత్రి కలలు కలవరపెడితే పడుకునే ముందు తీసేయవచ్చు.

అయితే భోజనం ముగియగానే ఎగసిపడే కోరికను ప్యాచ్ అప్పటికప్పుడు అణచలేదు. అక్కడ గమ్‌దే పైచేయి. నిద్ర లేచిన అరగంటలోపే సిగరెట్ వెలిగించేవారికి 4 మిల్లీగ్రాములది, మిగిలినవారికి 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. గమ్ పనిచేయలేదని బాధపడేవారిని చూస్తే, లోపం చాలాసార్లు నమిలే తీరులోనే ఉందనిపిస్తుంది. ఆపకుండా నమిలితే నికోటిన్ కడుపులోకి జారి వెక్కిళ్లు, వికారం వస్తాయి. కొద్దిసార్లు నమిలి, నోరు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగుళ్లకూ మధ్య ఉంచాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. కాఫీ, పళ్లరసం తాగిన పావుగంట వరకు గమ్ వద్దు. వాటి ఆమ్లం నికోటిన్‌ను నోటిలో ఇంకనివ్వదు.

రోజుకో పెట్టె కాల్చేవారికి నేనైతే రెండూ కలిపి వాడమంటాను. ఒక్కదానికన్నా జంటగా వాడితేనే మానగలిగే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. గర్భిణులు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు ముందు వైద్యుణ్ని అడగాలి. ఏది ఎంచుకున్నా, మొదటి వారం గట్టిగా పీడిస్తుంది. ఆ రోజుల్లో ఫోనులో సలహాలిచ్చే సహాయ కేంద్రంతో తప్పక మాట్లాడండి.