చివరి బెంచీ నుంచి చూస్తే: భారత్, ఫిన్లాండ్, దక్షిణ కొరియా, జర్మనీ చదువుల్లో ఏది మేలు?

దేశాల చదువులను పోల్చే వ్యాసాలు సాధారణంగా మొదటి ర్యాంకుల దగ్గర మొదలవుతాయి. ఏ దేశపు పిల్లలు గణితంలో ముందున్నారు, ఎవరి విశ్వవిద్యాలయాలు పేరు పొందాయి అన్నదే వాటి ప్రధాన విచారణ. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పిన నాకు ఆ విచారణతో ఎప్పుడూ తృప్తి కలగలేదు. బాగా చదివే పిల్లవాడు ఏ దేశంలో పుట్టినా ఏదో ఒక దారి చూసుకుంటాడు. వెనకబడ్డ పిల్లవాణ్ణి ఏం చేస్తున్నదో చూస్తేనే ఒక విద్యావ్యవస్థ సత్తా తెలుస్తుంది. అందుకే మన దేశాన్ని మరో మూడు దేశాల పక్కన నిలబెట్టి, ఈ ఒక్క ప్రశ్ననే అడుగుతున్నాను.

చాలా ఏళ్ల కిందట నా ఆరో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. నల్లబల్ల మీద రాసింది ముత్యాల్లాంటి అక్షరాలతో నోటుపుస్తకంలోకి ఎక్కించేవాడు. తలకట్టు గాని, దీర్ఘం గాని, ఒత్తు గాని తప్పిపోయేది కాదు. ఒకనాడు అతను రాసినదాన్నే చదవమన్నాను. మొదటి అక్షరం మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయాడు. అయిదేళ్లు బడికి వచ్చి అక్షరాలను బొమ్మల్లా గీయడం నేర్చుకున్నాడు గాని చదవడం నేర్చుకోలేదు. ఆ అయిదేళ్లూ హాజరు బాగుంది, నోటుపుస్తకాలు దిద్ది ఉన్నాయి, ఏటా పై తరగతికి వెళ్లాడు. ఎక్కడా ఎవరికీ అనుమానం రాలేదు.

మన చట్టం ఇలాంటి పిల్లవాణ్ణి మరిచిపోయిందనడం న్యాయం కాదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ విద్యను ప్రాథమిక హక్కు చేసింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అమలులోకి వచ్చింది. ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఫెయిల్ చేయరాదని ఆ చట్టం చెప్పింది. ప్రతి పిల్లవాడి స్థాయిని అంచనా వేసి అవసరమైనంత అదనపు బోధన చేయాలని కూడా ఉపాధ్యాయుడి విధుల్లో చేర్చింది. అమలులో మొదటిది నిలిచింది, రెండోది జారిపోయింది. ఆ అదనపు బోధన ఏ పీరియడులో జరగాలో, ఎవరు చేయాలో, ఒక్కరే ఉపాధ్యాయుడు అయిదు తరగతులను కూర్చోబెట్టుకున్న బడిలో అది ఎలా సాధ్యమో ఎక్కడా స్పష్టం కాలేదు. దేశంలో అలాంటి ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైనే ఉన్నాయి. గ్రామీణ ప్రాంతాల్లో అయిదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి వాచకం చదవలేకపోతున్నారని, ఇంటింటికీ తిరిగి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే నివేదికలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. పదిహేనేళ్ల పిల్లల చదువును దేశాల మధ్య పోల్చే పిసా అంతర్జాతీయ పరీక్షలో 2009 విడతకు తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొని పట్టికలో అట్టడుగున నిలిచాయి. ఆ తర్వాత 2022 దాకా మన దేశం ఆ పరీక్షకు మళ్లీ వెళ్లలేదు.

దీనికి విరుగుడుగా 2019లో చట్టాన్ని సవరించి, అయిదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేసే వీలును రాష్ట్రాలకు కల్పించారు. దీన్ని సమర్థించే తోటి ఉపాధ్యాయులు నాకు చాలామంది తెలుసు. పరీక్ష భయం లేకపోతే పిల్లలు చదవరన్నది వారి అనుభవం. నా అభిప్రాయం వేరు. చదవడం రాని పిల్లవాణ్ణి అదే తరగతిలో, అదే పాఠం ముందు, అదే పద్ధతిలో ఇంకో ఏడాది కూర్చోబెడితే చదవడం ఎలా వస్తుంది? పై తరగతికి పంపినా, కింద ఉంచినా అతనికి కావలసింది దొరకడం లేదు.

ఆ కావలసినదాన్ని బడిలోనే ఏర్పాటు చేసిన దేశంగా ఫిన్లాండ్ పేరు చెప్పుకోవాలి. ఆ దేశ జనాభా యాభై ఆరు లక్షలు మాత్రమే కనుక మనకు పోలిక కుదరదని చాలామంది అంటారు. జనాభా కంటే ముందు చూడవలసింది ఆ సంస్కరణ ఎలా జరిగిందన్నది. 1960ల దాకా అక్కడ కూడా పదకొండేళ్ల వయసులో పిల్లలను రెండు దారుల్లోకి విడదీసేవారు. 1968 చట్టంతో అందరికీ తొమ్మిదేళ్ల ఉమ్మడి బడి నిర్ణయమైంది. దాన్ని రాజధానిలో కాక, ఉత్తరాన వెనకబడిన లాప్లాండ్ ప్రాంతంలో 1972లో మొదలుపెట్టి, 1977కల్లా దక్షిణాన హెల్సింకీ దాకా తెచ్చారు. అన్ని రకాల పిల్లలూ ఒకే గదిలో కూర్చున్నప్పుడు ఉపాధ్యాయుడికి ఎక్కువ నేర్పు కావాలి కనుక, 1970ల చివరి నుంచి ఒకటో తరగతి చెప్పేవారికి కూడా పీజీ పట్టా తప్పనిసరి చేశారు. నాకు ఎక్కువ విలువైనదిగా తోచే ఏర్పాటు మరొకటి ఉంది. చదవడంలోనో లెక్కల్లోనో తడబడే పిల్లవాడు వారంలో కొన్ని గంటలు ప్రత్యేక ఉపాధ్యాయుడి గదికి వెళ్లి, నలుగురైదుగురు పిల్లల మధ్య తన స్థాయిలో నేర్చుకుని, మళ్లీ తన తరగతికి వస్తాడు. ఒక ఏడాదిలో సుమారు అయిదుగురిలో ఒకరు ఇలాంటి సాయం పొందుతుంటే, ఆ గదికి వెళ్లడం ఎవరికీ నామోషీ కాదు. మన దగ్గర ‘సి గ్రూపు పిల్లలు’ అని పిలిపించుకుని తలవంచుకునే పిల్లలను చూసినవాణ్ణి కనుక ఆ తేడా ఎంత పెద్దదో చెప్పగలను.

బడి భోజనం సంగతిలో మాత్రం మనం ఫిన్లాండ్‌కు తీసిపోము. వారు 1943లో చట్టం చేసి 1948 నుంచి పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెడుతున్నారు. మనకు తమిళనాడు దారి చూపింది, 2001లో సుప్రీంకోర్టు ఆదేశం వచ్చింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడిలోనే వండి పెట్టడం మొదలైంది. అన్నం పెట్టడం ఇంత పెద్ద దేశంలో సాధ్యమైనప్పుడు, చదవడం నేర్పే గదిని ఏర్పాటు చేయడానికి జనాభా అడ్డమని నేను ఒప్పుకోలేను.

అయితే ఫిన్లాండ్‌ను ఇప్పటికీ 2000 నాటి కళ్లతో చూడడం పొరపాటు. పిసా గణితంలో 2006లో 548 పాయింట్లు పొందిన ఆ దేశం 2022లో 484కు దిగింది. గణితంలో కనీస స్థాయి అందుకోలేని పిల్లలు అప్పట్లో వందకు ఆరుగురు, ఇప్పుడు దాదాపు ఇరవై అయిదుగురు. కారణాల మీద అక్కడ పెద్ద చర్చే నడుస్తున్నది. బడిలో మొబైల్ ఫోన్లను కట్టడి చేసే చట్టం 2025 ఆగస్టు నుంచి అమలులోకి వచ్చింది. చివరి బెంచీ లెక్కతోనే తూస్తానన్నాను కనుక ఈ దిగజారుడును దాచలేను. సాయం గది ఉన్నంత మాత్రాన అది ఎల్లకాలం పనిచేస్తుందన్న హామీ లేదు.

అదే 2022 పరీక్షలో కొరియాలో కనీస స్థాయి అందని పిల్లలు వందకు పదహారుగురే. కేవలం అంకె చూస్తే కొరియాదే పైచేయి. జపాన్ పాలన ముగిసిన 1945 నాటికి ఆ దేశంలో పెద్దల్లో ఎక్కువమందికి చదువు రాదు. అక్కడి నుంచి రెండు తరాల్లో ఇక్కడికి వచ్చారు. వచ్చిన దారి ఆసక్తికరం. 1969లో సియోల్‌తో మొదలుపెట్టి మాధ్యమిక పాఠశాలల ప్రవేశ పరీక్షను ఎత్తేశారు. 1974 నుంచి సియోల్, బూసాన్ నగరాల్లో ఉన్నత పాఠశాల సీట్లను లాటరీ ద్వారా కేటాయించారు. ఏ బడిలో పడ్డా ఒకటే అన్నంతగా బడులను సమం చేయాలన్నది సంకల్పం. కాని విశ్వవిద్యాలయం వాకిట ఒక్కటే పరీక్ష నిలిచి ఉండడంతో, పగటి బడిలో తగ్గిన పోటీ సాయంత్రపు ట్యూషన్లలోకి తరలింది. 1980లో ప్రభుత్వం ప్రైవేటు ట్యూషన్లను నిషేధించి చూసింది. 2000లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టివేసింది. 2024లో అక్కడి కుటుంబాలు ప్రైవేటు చదువుల మీద దాదాపు 29 లక్షల కోట్ల వాన్లు ఖర్చు పెట్టాయి. ఆ ఏడాది నూటికి ఎనభై మంది పిల్లలు ఏదో ఒక ప్రైవేటు బోధనలో ఉన్నారు. వెనకబడ్డ పిల్లవాడికి సాయం అందుతున్నది నిజమే గాని, ఆ బిల్లు ఇంటికి వస్తున్నది.

విశ్వవిద్యాలయ ప్రవేశం కోసం నవంబరులో ఒక గురువారం జరిగే ఆ పరీక్ష పేరు సునుంగ్. ఆ నాడు కార్యాలయాలు ఆలస్యంగా తెరుస్తారు, ఇంగ్లీషు వినికిడి పరీక్ష సాగినంతసేపూ విమానాల రాకపోకలు ఆపుతారు, ఆలస్యమైన విద్యార్థిని పోలీసులు తమ బండి మీద పరీక్ష కేంద్రానికి చేరుస్తారు. నిమిషం ఆలస్యమైతే గేటు మూసే నిబంధనను చాలాకాలం పాటించి, 2024లో గాని తెలంగాణ ఇంటర్ పరీక్షల్లో అయిదు నిమిషాల వెసులుబాటు ఇవ్వని మనకు ఆ పోలీసు బండి ముచ్చటగా కనిపించవచ్చు. కాని ఒక్క రోజు మీద ఇంత బరువు పెట్టిన దేశం ఆ పిల్లల మీద ఎంత బరువు పెట్టిందో కూడా ఆ దృశ్యమే చెబుతుంది. సియోల్‌లో ట్యూషన్ కేంద్రాలు రాత్రి పది గంటలకు మూసేయాలని నిబంధన పెట్టవలసి వచ్చింది. మన ఎంపీసీ, బైపీసీ హాస్టళ్ల దినచర్య తెలిసినవారికి ఇది పరాయి కథ కాదు. ఇంటర్ ఫలితాల వారంలో పేపరు తెరవడానికి భయపడే ఉపాధ్యాయులలో నేనూ ఒకణ్ణి. పోటీని బడి లోపల తగ్గించి, చివర ఒకే ఇరుకు ద్వారం ఉంచితే ఏమవుతుందో మనం కొరియాను చూసి నేర్చుకోవాలి.

జర్మనీ ఈ రెండింటికీ భిన్నం. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి తర్వాత, అంటే పదేళ్ల వయసులోనే పిల్లలను వేరువేరు రకాల బడుల్లోకి పంపుతారు. బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్‌లలో ఆరో తరగతి దాకా ఆగుతారు. ఇది నాకు మింగుడుపడదు. పదేళ్ల పిల్లవాడి స్థాయిలో కనిపించేది చాలావరకు ఇంటి స్థాయే. తల్లిదండ్రుల చదువును బట్టి పిల్లల భవిష్యత్తు తేలిపోతున్నదని 2000 నాటి పిసా ఫలితాల్లో బయటపడినప్పుడు జర్మన్లే ఉలిక్కిపడ్డారు. 2022లో గణితపు కనీస స్థాయి అందని జర్మన్ పిల్లలు వందకు ముప్ఫైకి దగ్గర. అడుగు తరగతుల విషయంలో మనం వారి నుంచి నేర్చుకునేది తక్కువ.

పదహారేళ్ల తర్వాతి సంగతి వేరు. నేను చెప్పిన అబ్బాయి కష్టపడి పదో తరగతి గట్టెక్కి, ఒక మేస్త్రీ దగ్గర చేరి మూడేళ్లు ఇళ్ల వైరింగ్ నేర్చుకున్నాడు. ఇప్పుడు చుట్టుపక్కల మండలాల్లో అతని చేతిపని మీద గురి ఉంది. కాని బ్యాంకు అప్పుకు వెళితే చూపించడానికి పదో తరగతి మార్కుల జాబితా తప్ప మరేమీ లేదు. పని వచ్చినవారికి ధ్రువపత్రాలు ఇచ్చే పథకాలు మధ్యలో వచ్చాయి గాని, ఆ పత్రాన్ని అడిగి పనిలో పెట్టుకునే యజమాని అతనికి తటస్థపడలేదు. జర్మనీలో అవే మూడేళ్లు, మూడున్నరేళ్లు 1969 నాటి వృత్తిశిక్షణ చట్టం కింద గడుస్తాయి. వారంలో మూడు నాలుగు రోజులు సంస్థలో పని, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో గణితం, విద్యుత్ సిద్ధాంతం, భద్రతా నియమాలు. శిక్షణ కాలంలో జీతం ఉంటుంది. ఆ రోజు ఏ పని చేశాడో, ఏం నేర్చుకున్నాడో పిల్లవాడు ఒక పుస్తకంలో రాస్తాడు, శిక్షకుడు చూసి సంతకం పెడతాడు. ఆ పుస్తకం పూర్తి కాకుండా చివరి పరీక్షకు అనుమతి లేదు. ఆ పరీక్షను పెట్టేది వాణిజ్య మండళ్లు, చేతివృత్తుల మండళ్లు కనుక పట్టాకు బజారులో విలువ ఉంటుంది. మూడు వందలకు పైగా వృత్తులకు ఈ ఏర్పాటు ఉంది. అనుభవం గడించి, తమ వృత్తిలోనే పై మెట్టు అయిన మాస్టర్ పరీక్ష నెగ్గినవారికి 2009 నుంచి విశ్వవిద్యాలయం తలుపులు కూడా తెరిచారు. మనకూ 1961 నుంచి అప్రెంటిస్ చట్టం ఉంది, ఐటీఐలూ పాలిటెక్నిక్‌లూ ఉన్నాయి. సీటు దొరకనివాళ్ల చదువుగా వాటిని చూడడం మాత్రం పోలేదు. ఎంఎస్ కోసం జర్మనీ వెళ్తున్న మన తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు గాని, వారి ఇళ్లలో ఐటీఐ మాట ఎప్పుడైనా వచ్చిందా అని నాకు అనుమానం.

భాష గురించి ఒక్క మాట. ఈ మూడు దేశాల్లోనూ చిన్న తరగతుల పిల్లల్లో అత్యధికులు ఇంట్లో మాట్లాడే భాషలోనే చదవడం నేర్చుకుంటారు. ఫిన్లాండ్‌లో కొద్ది శాతమే ఉన్న స్వీడిష్ భాషీయులకు కూడా వారి భాషలోనే బడులు ఉన్నాయి. మనం చదవడం రాని పిల్లవాడి మీద రాని భాషను కూడా ఎత్తుతున్నాం. ఇంగ్లీషు కావాలనే తల్లిదండ్రుల కోరిక సహేతుకమైనదే. అయినా ఏ భాషలోనూ వాక్యం చదవలేని స్థితిలో మాధ్యమం మార్చడం వల్ల నష్టపడేది మళ్లీ ఆ చివరి బెంచీయే.

కాబట్టి ఏది మేలంటే, ఏ దేశాన్నీ పూర్తిగా ఎత్తి తెచ్చుకోమని నేను అనను. పద్నాలుగేళ్ల లోపు ఫిన్లాండ్ సాయం గది, పదహారు దాటాక జర్మనీ వృత్తి పట్టా మనకు మేలు. కొరియా నుంచి బడులను సమం చేయాలన్న సంకల్పాన్ని తీసుకుని, ఒకే పరీక్షను అక్కడే వదిలేయాలి. సాయం గది సంగతికి విదేశాల దాకా పోనక్కరలేదు. మదనపల్లె దగ్గరి ఋషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం కార్డుల సాయంతో, ప్రతి పిల్లవాడూ తన మెట్టు మీద నుంచి ముందుకు సాగే పద్ధతిని రూపొందించింది. దాన్ని తమిళనాడు తన ప్రాథమిక పాఠశాలల్లోకి తీసుకుంది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా అడుగు తరగతుల్లో చదవడం, లెక్కల మీదే దృష్టి పెట్టింది. ఇవన్నీ ఉన్న ఉపాధ్యాయుడి నెత్తిన అదనపు పనిగా పడుతున్నంత కాలం నిలబడవు. అందుకే నాలుగైదు ప్రాథమిక పాఠశాలలకు కలిపి ఒక్క ప్రత్యేక ఉపాధ్యాయుణ్ణి నియమించి, ఆ పోస్టును మరే పనికీ మళ్లించకూడదన్నది నా మొదటి కోరిక.

దీనికి ఎంత ఖర్చవుతుందని అడిగేవారికి నా దగ్గర ఒక చిన్న లెక్క ఉంది. ఆ అబ్బాయితో ఒకటో తరగతి వాచకం దగ్గర, గుణింతాల దగ్గర మళ్లీ మొదలుపెట్టి, ఒక పేరా ఆగకుండా చదివించడానికి నాలుగు నెలలు పట్టింది. రోజుకు అరగంట. సెలవులు తీసేస్తే నలభై అయిదు గంటలకు మించదు. ఆ గంటలు టైంటేబుల్‌లో ఎక్కడా లేకపోవడంతో, మధ్యాహ్న భోజన విరామంలో ఇద్దరం కంచాలు కడుక్కుని వచ్చి కూర్చునేవాళ్లం.