మా అబ్బాయి పదో తరగతి, ఎన్‌ఐఓఎస్‌లో

జబ్బు చేసి లెక్కలు, సైన్సు, సోషల్ పోయిన మా వాడికి ఎన్‌ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ బోర్డు) పెద్ద ఊరట. పాత బోర్డులో పాసైన తెలుగు, ఇంగ్లీషు మార్కులు ఇక్కడికి బదిలీ అయ్యాయి, మళ్లీ రాయక్కర్లేదు. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. ఇంట్లో టెన్షన్ సగం తగ్గింది.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల సైటు ‘స్వయం’ పోర్టల్‌లో వీడియో పాఠాలు ఉచితం. లెక్క అర్థం కాకపోతే వీడియో ఆపి, నోటుబుక్కులో చేసుకుని, మళ్లీ వెనక్కి తిప్పి చూస్తాడు. క్లాసులో డౌట్ అడగడానికి జంకే పిల్లాడికి ఇంతకంటే ఏం కావాలండీ!

ఇంటి దగ్గర రాసి ఇచ్చే టీఎంఏ (ట్యూటర్ మార్క్‌డ్ అసైన్‌మెంట్)లకు 20 శాతం మార్కులు, అశ్రద్ధ చెయ్యొద్దు. బెంగళూరు మారతహళ్లిలో ఓ ట్యూషన్ సెంటర్ వాళ్లు డబ్బిస్తే అవి తామే రాసిపెడతామన్నారు. నాకు ఒళ్లు మండింది. అలాంటి చోట చేర్చకండి. పరీక్ష మాత్రం సెంటర్‌కి వెళ్లి పిల్లలే రాయాలి కదా.