ఫైవ్ ఇన్ వన్ రిఫ్లెక్టర్: బంగారు వైపుతో నాకు పడదు

ఫైవ్ ఇన్ వన్ రిఫ్లెక్టర్ అంటే ఫోటో తీసేటప్పుడు వెలుగును ముఖం మీదికి మళ్లించే గుండ్రటి తెర; బంగారు, వెండి, తెలుపు, నలుపు, వెలుగు దిగే పలుచటి గుడ్డ అని దానికి ఐదు తీర్లు. 42 అంగుళాల దాని సైజు, సంచి, మడతపెట్టే తీరు వాడేటోళ్లందరికీ ఎరికే. వాటి జోలికి పోను. ఏండ్లుగా వాడినంక గట్టిగ చెప్పేది ఒక్కటే: అందులో బంగారు వైపు మన ముఖాలకు, మన ఎండకు సరిపడేది కాదు. కొనేటోళ్ల కన్ను మాత్రం ముందుగాల దాని మీదనే పడతది.

పోర్ట్రెయిట్‌కు మనిషిని ఎక్కువగా నీడలోనే నిలబెడతం. ఆ నీడలోకి వచ్చే వెలుగు ఆకాశం నుంచి దిగేది. వెలుగు రంగును కొలిచే లెక్కలో 7000 కెల్విన్ అటూ ఇటూ ఉంటది (అంకె పెరిగినకొద్దీ నీలం, తగ్గినకొద్దీ నారింజ), నీలం వైపు మొగ్గుతది. పక్క నుంచి బంగారు వైపుతో ఎండను కొట్టిస్తే ఒక చెంప నారింజ, ఇంకో చెంప నీలం. ఎడిటింగ్‌లో రంగు సరిచేసే వైట్ బ్యాలెన్స్ స్లైడర్ ఒక చెంపకు సరిచేస్తే రెండోది చెడుతది. పాలమూరు ఎర్ర చెలకల్లోనైతే నేల కూడా కింది నుంచి గడ్డానికి, ముక్కు కిందికి ఎర్ర వెలుగు కొడుతనే ఉంటది. దాని మీద ఇది ఇంకో పూత. చామనఛాయ ముఖం తోమిన రాగి చెంబయితది.

పసుపు ఫంక్షన్లలో దీని అసలు గుణం బయటపడతది. ముఖానికి పసుపు, ఒంటి మీద పసుపు చీర, వెనక బంతిపూలు. పసుపు రంగులో నీలం పాలు ముందే తక్కువ. బంగారు వెలుగు తగలంగనే ఎరుపు ఛానల్ (ఫోటోలోని ఎరుపు పాలు) పైకి పోయి తెగిపోతది, నీలం ఛానల్ అడుక్కు చేరుతది. చెంప ఎముక మీద ఆరి పగిలిన పసుపు గీతలు, చెమట చుక్క, చర్మం గరుకు అన్నీ పోయి నున్నటి పసుపు మచ్చ మిగులుతది. కుంకుమ బొట్టు అంచు నుదుట్లో కలిసిపోతది. కెమెరాలో వెలుగు పాళ్లు చూపెట్టే గ్రాఫ్, మామూలు హిస్టోగ్రామ్, అప్పుడు కూడా బుద్ధిగనే కనిపిస్తది, ఎందుకంటే అది మూడు రంగులను కలిపి చూపెడతది, అందులో ఆకుపచ్చ బరువే ఎక్కువ. మూడు రంగులను విడివిడిగ చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుంటేనే ఎరుపు కుడి అంచుకు గుద్దుకున్నది తెలుస్తది. తెలియంగనే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించాలె (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైతది). కెమెరా దిద్దకుండ దాచే రా ఫైలైతే ఆ చెంపకు మాస్క్ వేసి టెంపరేచర్‌ను నీలం వైపు జరిపి, నారింజ సాచురేషన్ 15 దాకా దించితే కొంత దారికొస్తది. జేపెగ్ అయితే ఇక అంతే.

బట్ట రంగు కూడా మారుతది. పుట్టపాక తేలియా రుమాలు ఎరుపు, నలుపు, తెలుపుల నేత. బంగారు వెలుగులో ఆ నిండు ఎరుపు టమాటా రంగుకు దిగుతది, నేసినాయన చూస్తే నొచ్చుకుంటడు. అందులోని తెల్ల గడి మీద ఐడ్రాపర్ నొక్కి వైట్ బ్యాలెన్స్ సరిచేద్దామనుకోవద్దు. ఆ నూలుకు నూనె, ఆముదపు కాయల బూడిద పట్టించే పద్ధతి ఉన్నది, ఆ తెలుపును ప్రమాణంగా తీసుకోలేం. 18 శాతం గ్రే కార్డును (ఏ రంగు మొగ్గూ లేని బూడిద అట్ట) ముఖం పక్కన పట్టి ఒక ఫ్రేమ్ తీసుకుంటే గొడవ లేదు.

బంగారు వైపు పూర్తిగా దండగ అనను. పొద్దుగూకే ముందు చివరి అరగంట, ఎండే 3500 కెల్విన్‌కు దిగినప్పుడు, సూర్యుణ్ని వీపు వెనక పెట్టి ఆరడుగుల దూరం నుంచి కొట్టిస్తే రంగులు కలుస్తయి. అంతే.

అనుకోకుండా అక్కరకొచ్చింది నలుపు వైపు. పిల్లలమర్రి లాంటి పెద్ద మర్రి నీడలో వెలుగు అన్ని దిక్కుల నుంచి వస్తది, ముఖం చదునుగ పడతది. పైగా ఆకుల నుంచి జారే ఆకుపచ్చ వెలుగు చర్మం మీద వాలుతది. నలుపును ఒక చెంపకు రెండడుగుల దూరంలో, ఫ్రేమ్ అంచు దాటి నిలబెట్టండి. ఆ వైపు దవడ గీత తేలుతది, అటు నుంచి వచ్చే పచ్చదనమూ ఆగుతది. మిగిలినదానికి ఎడిటింగ్‌లో టింట్ స్లైడర్‌ను మెజెంటా వైపు 10 నుంచి 15 జరిపితే చాలు. ఒకటే చిరాకు: నా దాంట్లో నలుపు, తెలుపు రెండూ కవర్ లోపలి వైపు ఉన్నయి, జిప్పు తీసి కవర్‌ను తిరగేయాలె. గాలిలో అది ఒక్కరితో అయ్యే పని కాదు.

తెల్ల వైపును ఎవరడిగినా కళ్లు మూసుకుని చెప్పేటోణ్ని. రంగు మార్చదు, కోణం కొంచెం తప్పినా కోపం చెయ్యదు, రెండు మూడడుగుల్లో ఛాతీ ఎత్తున పక్క నుంచి పట్టుకుంటే కళ్లల్లో మెరుపొస్తది. రెండడుగుల నుంచి నాలుగడుగులకు జరిపితే మాత్రం వెలుగు సగానికన్నా ఎక్కువే పడిపోతది. ఇప్పుడు ఆ మాటకు ఒక మెలిక పెట్టాలె. కొత్త గుడ్డలో తెలుపు కోసం కలిపే బ్రైటనర్ ఎండలో కొద్దిగ నీలం చూపిస్తది. ఉతికినకొద్దీ అది పోయి, చెలక దుమ్ము పట్టి గుడ్డ మీగడ రంగుకొస్తది. నా దగ్గరున్నది ఇప్పుడు దాదాపు పలుచటి బంగారు వైపే. స్టేషనరీ దుకాణంలో దొరికే తెల్ల థర్మోకోల్ షీట్ పక్కన పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తది.

లోపలి పలుచటి గుండ్రాన్ని నడినెత్తి ఎండకు అడ్డం పెడితే ఒక స్టాపు నుంచి ఒకటిన్నర దాకా తింటది. ముఖం మెత్తబడతది కానీ వెనక ఆకాశం తెల్లగ కాలిపోతది. పానగల్లు గుడి రాతి గోడో, వేపచెట్టో వెనకకు వచ్చేటట్టు నిలబెట్టుకోవాలె.

పట్టుకునే మనిషి ఉండి, బయట తీసి, రాలో దిద్దుకునే అలవాటున్నోళ్లకు ఇది కొనదగ్గదే. నాది ఆ లెక్క కాబట్టి ఇంకా వాడుతున్న. ఒంటరిగ తీసేటోళ్లకు గోడకు ఆనించిన థర్మోకోల్, ఒక నల్ల దుప్పటి దగ్గర దగ్గర ఇదే పని చేస్తయి, గాలి లేని చోటైతే. గది లోపల ఫ్లాష్ పెట్టి తీసేటోళ్ల సంగతి వేరు, అక్కడ నేను దీన్ని పెద్దగ వాడలేదు.