తేలినీలాపురం పక్షుల కేంద్రానికి సైకిల్ మీద: వేసవి సమీక్ష

శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురానికి పెలికాన్లు (గూడబాతులు), పెయింటెడ్ స్టార్కుల (ఒక రకం కొంగల) కోసమైతే మేలో వెళ్ళొద్దు. సెప్టెంబరు నుంచి మార్చి దాకే వాటి కాలం. వేసవి మొదట్లో, మార్చిలోనే వెళ్ళండి. ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళుంటాయి, ఎంత చక్కటి చోటో! వాచ్‌టవర్ ఉంది, బైనాక్యులర్ మీరే తెచ్చుకోవాలి.

దగ్గరి పట్టణం టెక్కలి నుంచి తెల్లవారుతూనే బయల్దేరాలి. మనిషికి 2 లీటర్ల నీళ్ళు, ఒక ఓఆర్ఎస్ పొట్లం.

అసలు చిక్కు టైర్లతోనే. తుమ్మముళ్ళు ట్యూబులోకి దిగుతాయి. ముల్లు పీకకుండా కొత్త ట్యూబు వేస్తే మళ్ళీ పంక్చరే. టైరు లోపల గుడ్డతో తడిమి చూడండి. ప్యాచీకి ముందు ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ (రబ్బరు జిగురు) రాసి 5 నిమిషాలు ఆరనివ్వండి. జిగురు తడిగా ఉండగానే అతికిస్తే ఎండకు ఊడొస్తుంది. నౌపడ ఉప్పు మడుల వైపు తిరిగితే ఆ రోజే చెయిను తుడిచి నూనె వేయండి, లేదంటే తుప్పే. గూళ్ళ కింద మాత్రం బెల్లు కొట్టొద్దు.