గులాబీ రంగు చూసి క్యూరింగ్ సాల్ట్ కొనకండి: నాకు జరిగింది చదవండి

పరాయి దేశంలో ఉంటూ ఇంట్లోనే బేకన్, హామ్, సాసేజ్ చేసుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా క్యూరింగ్ సాల్ట్, అంటే మాంసం నిలవ చేయడానికి నైట్రైట్ అనే రసాయనం కలిపిన ఉప్పు, ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళు ఆర్డర్ పెట్టే ముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగి చదవండి. నాకు వచ్చిన ప్యాకెట్‌లో ఉన్నది అసలు క్యూరింగ్ సాల్టే కాదు. ఆ సంగతి మా అబ్బాయి రెండు ముక్కలు తిన్నాక గానీ నాకు తెలియలేదు.

ఇంతకుముందు ఉన్న దేశంలో నాకు అలవాటైన క్యూరింగ్ సాల్ట్ పేరు ప్రేగ్ పౌడర్ నంబర్ వన్. ఇక్కడికి వచ్చాక ఆ పేరు చెబితే దుకాణాల్లో ఎవరికీ అర్థం కాలేదు. ఇక్కడి భాషలో దాన్ని ఏమంటారో నాకు తెలియదు. చివరికి ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ‘మాంసానికి పింక్ క్యూరింగ్ సాల్ట్’ అని కనిపించింది. ఫోటోలో లేత గులాబీ రంగు పొడి. వందల కొద్దీ రివ్యూలు, దాదాపు అన్నీ ఐదు నక్షత్రాలే. ఇంకేం ఆలోచించలేదు, కొనేశాను.

రెండు కిలోల పోర్క్ బెల్లీ తెచ్చి ఎప్పటి లెక్క ప్రకారమే చేశాను. కిలో మాంసానికి రెండున్నర గ్రాముల చొప్పున 5 గ్రాములు ఆ గులాబీ ఉప్పు, 45 గ్రాములు మామూలు ఉప్పు, కొంచెం చక్కెర. జిప్ కవర్‌లో వేసి గాలి తీసేసి ఏడు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ తిరగేశాను. తర్వాత కడిగి, ఆరబెట్టి, మూడు రాత్రులు చల్లటి పొగ పట్టించాను. మొదటి ముక్కలు కోసి పెనం మీద వేయగానే మా అబ్బాయి రెండు లాక్కుని తినేశాడు. మా ఆయన పెనంలోకి చూసి, “ఇదేంటి, ఈసారి రంగు రాలేదే?” అన్నారు. నిజమే. వేగాక కూడా ఎర్రగా ఉండాల్సిన మాంసం ఉడకబెట్టిన మాంసంలా బూడిద రంగులో ఉంది. కోయని ముక్కను మధ్యకి కోసి చూశాను. లోపలా అంతే.

నైట్రైట్ మాంసంలోకి చేరితే దాని ఎర్రదనం వేడికి కూడా నిలబడుతుంది. ఇక్కడ నిలబడలేదంటే నైట్రైట్ చేరలేదన్నమాట. పక్కింటివాళ్ళకి చేపల తొట్టి ఉంది. అందులో నీళ్ళు పరీక్షించే నైట్రైట్ పట్టీలు వాళ్ళ దగ్గరుంటే ఒకటి అడిగి తెచ్చాను. చిటికెడు ఆ ఉప్పు నీళ్ళలో కరిగించి పట్టీ ముంచాను. నైట్రైట్ ఉంటే గులాబీ రంగుకి తిరగాల్సిన గడి తెల్లగానే ఉండిపోయింది. నేను కొన్నది మెత్తగా దంచిన హిమాలయన్ రాతి ఉప్పు. దాని గులాబీ రంగు అందులోని ఇనుము వల్ల వచ్చింది. కూరలో వేసుకోవడానికి ఏ దోషమూ లేదు, కానీ క్యూరింగ్‌లో నైట్రైట్ చేసే పని అది చేయలేదు.

రంగు రాకపోతే పోనీలే అనుకునేవాళ్ళు కొంతమంది ఉంటారు. నా భయం రంగు గురించి కాదు. క్లాస్ట్రిడియం బోట్యులినమ్ అనే బ్యాక్టీరియా గాలి ఆడని చోట, గోరువెచ్చగా ఉన్న చోట పెరిగి విషం తయారు చేస్తుంది. బోట్యులస్ అంటే లాటిన్‌లో సాసేజ్. ఆ విషం వల్ల వచ్చే బోట్యులిజం అనే జబ్బుకి ఆ పేరు ఊరికే రాలేదు. 1820ల్లో జర్మనీలో యుస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు చెడిపోయిన సాసేజ్‌లు తిని జబ్బుపడినవాళ్ళ గురించి వివరంగా రాశాడు. 1895లో బెల్జియంలో హామ్ తిని జబ్బుపడినవాళ్ళ ఉదంతాన్ని పరిశీలించి ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ బ్యాక్టీరియాని పట్టుకున్నాడు. రెండుచోట్లా మూలం ఇంట్లో నిలవ చేసుకున్న మాంసం లాంటిదే. ఆ విషానికి వాసన ఉండదు, రుచిలో తేడా తెలియదు. గంటల తరబడి చల్లటి పొగలో వేలాడే మాంసానికి ఉప్పుతో పాటు కాపలా కాసేది నైట్రైటే. నా ముక్కకి మూడు రాత్రులూ ఆ కాపలా లేదు.

ఆ సాయంత్రమే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఒక్కటే వస్తువు రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగడం కష్టమవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రమ్మన్నారు. సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో బయటపడుతుందట, కొన్నిసార్లు వారం దాటాక కూడా. బాగా వేడి చేస్తే ఆ విషం నశిస్తుందని, వాడు తిన్నది పెనం మీద వేగిన ముక్కలే కదా అని నాకు నేను చెప్పుకుంటూనే ఎనిమిది రోజులు వాడి కళ్ళలోకి చూస్తూ గడిపాను. ఏమీ కాలేదు. మిగిలిన మాంసమంతా కవర్లో కట్టి పారేశాను. అంత మాంసం పోయిందే అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

అమ్మకందారుకి రాస్తే వచ్చిన జవాబు ఇది: అది పింక్ సాల్టే, చాలామంది మాంసానికే వాడతారు, కావాలంటే డబ్బు వెనక్కి ఇస్తాం. ఇచ్చారు కూడా. కానీ నేను ఇది రాసే సమయానికి అదే పేరుతో అదే సరుకు అమ్మకంలోనే ఉంది. మళ్ళీ వెళ్ళి రివ్యూలన్నీ చదివాను. ప్యాకింగ్ బాగుంది, త్వరగా వచ్చింది, రంగు బాగుంది. నైట్రైట్ ఎంత శాతమో అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. కొనేటప్పుడు నేనూ అడగలేదు. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

సరే, అసలు సరుకే కొందామని ఈసారి మాంసం సరుకులు మాత్రమే అమ్మే చోట వెతికి తెప్పించాను. వచ్చింది తెల్లటి ఉప్పు. ప్యాకెట్ మీద అంతా ఇక్కడి భాష. ఫోన్‌తో ఫోటో తీసి అనువాదం చేయించుకుంటే సోడియం నైట్రైట్ 0.5 శాతం అని తేలింది. ఇక్కడ నా గుండె జారింది. నా పాత ప్రేగ్ పౌడర్‌లో నైట్రైట్ 6.25 శాతం. ఇందులో ఉన్నది దానిలో పన్నెండో వంతు కూడా కాదు. రెండూ క్యూరింగ్ సాల్టే, రెండూ నిజమైనవే, కానీ వాడే పద్ధతి మాత్రం పూర్తిగా వేరు.

ఈ లెక్క దయచేసి ఓపిగ్గా చదవండి. 6.25 శాతం ఉన్నదాన్ని కిలో మాంసానికి 2.5 గ్రాములు వేసి, మిగతా ఉప్పదనం కోసం మామూలు ఉప్పు విడిగా వేస్తాం. అలా వేస్తే కిలోకి 156 మిల్లీగ్రాముల నైట్రైట్ చేరుతుంది. 0.5 శాతం ఉన్నదాన్ని మాత్రం మామూలు ఉప్పు బదులుగా మొత్తం అదే వేస్తారు. కిలోకి 28 గ్రాములు వేస్తే 140 మిల్లీగ్రాములు. రెండు దారుల్లోనూ చేరేది దాదాపు ఒకే చోటికి. దార్లు కలిపేస్తేనే ప్రమాదం. 0.5 శాతం ఉప్పుని నా పాత అలవాటుగా రెండున్నర గ్రాములే వేసి ఉంటే పన్నెండున్నర మిల్లీగ్రాములు చేరేది, అంటే కాపలా లేనట్టే. తిరగేసి, 6.25 శాతం ఉప్పుని 28 గ్రాములు వేస్తే 1750 మిల్లీగ్రాములు. అది తినే మనిషికి విషం.

ఈ రెండో తప్పు ఊహించి రాస్తున్నది కాదు. నాకు తెలిసిన ఒక అక్క వేరే దేశంలో ఉంటుంది. నా సంగతి చెబుదామని ఫోన్ చేస్తే, తనూ హామ్ పెట్టబోతోందట. “అక్కా, నీ ప్యాకెట్ మీద శాతం ఎంతని ఉంది?” అన్నాను. “ఉండమ్మా, కళ్ళజోడు పెట్టుకుని చూస్తా. ఆరు పాయింట్ రెండు ఐదు,” అంది. “మరి రెసిపీలో కిలోకి ఎంత వేయమన్నారు?” “ఇరవై ఎనిమిది గ్రాములు. తూకం వేసి గిన్నెలో పెట్టేశాను కూడా.” రెసిపీ ఒక దేశానిది, ఉప్పు ఇంకో దేశానిది. రెసిపీ రాసినవాళ్ళు ఉత్త ‘క్యూరింగ్ సాల్ట్’ అని రాసి వదిలేశారు, ఎందుకంటే వాళ్ళ దేశంలో దొరికేది ఒకటే రకం. పరాయి చోట ఉన్న మనలాంటివాళ్ళకే ఈ గండం. అక్క ఆ గిన్నె పక్కన పెట్టించేదాకా నేను ఫోన్ పెట్టలేదు.

నైట్రైట్ ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మోయలేదు. పెదవులు, గోళ్ళు నీలంగా మారతాయి, తల తిరుగుతుంది, ఊపిరి ఆడదు. అలా జరిగితే వెంటనే అత్యవసర నంబర్‌కి ఫోన్ చేసి, ఏం తిన్నారో, అందులో నైట్రైట్ పడిందని స్పష్టంగా చెప్పండి. దానికి ఆసుపత్రుల్లో విరుగుడు మందు ఉంది.

లేబుల్ చదవలేని భాషలో ఉన్నప్పుడు నాకు బాగా పనికొచ్చింది ఒక అంకె. సోడియం నైట్రైట్‌కి ఆహార సంకలితాల్లో నంబర్ 250. చాలా దేశాల్లో ప్యాకెట్ మీద ఇ 250 అనో, ఉత్త 250 అనో ఉంటుంది. పొటాషియం నైట్రైట్ 249. నైట్రేట్‌లైతే 251, 252. ఈ 252 అంటే మన సురేకారమే. నైట్రైట్, నైట్రేట్ అన్న మాటల్లో ఒక్క అక్షరమే తేడాగా కనిపించినా పనిలో చాలా తేడా ఉంది. నైట్రేట్ నేరుగా పనిచేయదు, మాంసంలోని బ్యాక్టీరియా దాన్ని నెమ్మదిగా నైట్రైట్‌గా మార్చాలి. నెలల తరబడి ఆరబెట్టే సలామీ లాంటివాటికి వాడే ప్రేగ్ పౌడర్ నంబర్ టూలో రెండూ ఉంటాయి. వారంలో అయిపోయే బేకన్‌కి దాని అవసరం లేదు, వేయకండి. పాత పుస్తకాల్లో సురేకారం వేయమని ఉంటుంది గానీ దాని కొలత ఇంట్లో నిలకడగా కుదిరే పని కాదు. పైగా పేలుడు పదార్థాల్లో వాడతారని చాలాచోట్ల దాని అమ్మకం మీద నిఘా ఉంటుంది.

రంగుని ఏ విధంగానూ నమ్మకండి. 6.25 శాతం దాంట్లో గులాబీ రంగు కావాలనే కలుపుతారు, ఎవరూ పొరపాటున వంట ఉప్పనుకుని వాడకూడదని. తీరా చూస్తే హిమాలయన్ ఉప్పూ అదే రంగు. యూరప్‌లో అమ్మే 0.5 శాతం ఉప్పు చాలావరకు తెల్లగా, అచ్చం వంట ఉప్పులాగే ఉంటుంది. జర్మన్‌లో పోకెల్‌జాల్ట్స్ అన్నా, పోలిష్‌లో పెక్లోసుల్ అన్నా ఆ తరహాదే. ఇల్లు చేరగానే దాన్ని వంటగది డబ్బాల వరుసలో పెట్టకండి. మూత మీద పెద్ద అక్షరాలతో పేరు, శాతం, కిలోకి వేయాల్సిన కొలత రాసి, పిల్లలకి అందని చోట వేరేగా పెట్టండి. నేను అసలు ప్యాకెట్ కత్తిరించి లేబుల్‌ని కూడా డబ్బాలోనే వేసి ఉంచుతున్నాను.

చూసి వెళ్ళడానికి వచ్చే స్నేహితులచేత ఈ ఉప్పుని కాగితంలో పొట్లం కట్టించి తెప్పించుకోవడం కూడా మానండి. నేనూ ఒకసారి అలా అడిగినదాన్నే. పేరు లేని పొడి చేతికొచ్చాక అది ఏ శాతమో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ ఉండరు. నేను వాడిన పట్టీ కూడా నైట్రైట్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది, ఎంత ఉందో తేల్చదు. ఇక రసాయనాల అమ్మకందారుల దగ్గర స్వచ్ఛమైన సోడియం నైట్రైట్ కొని ఇంట్లోనే ఉప్పులో కలుపుకుందాం అన్న సలహా ఎవరైనా ఇస్తే వినకండి. చేత్తో కలిపితే అంతటా సమానంగా కలవదు, ఏ ముక్కకి ఎంత పడిందో ఎవరూ చెప్పలేరు. అది ఇంటి గుమ్మం తొక్కకూడదు.

తూకానికి చెంచాలు వద్దు. ఒక చెంచాలో మెత్తటి ఉప్పు, గరుకు ఉప్పు ఒకే బరువు తూగవు. గ్రాములో పదో వంతు చూపించే చిన్న త్రాసు ఒకటి కొనుక్కోండి. ఈ పనిలో నేను పెట్టిన ఖర్చుల్లో దానంత విలువైనది ఇంకోటి లేదు.

మిగతా సరుకుల సంగతి క్లుప్తంగా. పేగు తొడుగులు నాసిరకం వస్తే చిరుగుతాయి, డబ్బు పోతుంది, అంతవరకే. సలామీకి వాడే స్టార్టర్ కల్చర్, అంటే మాంసాన్ని పుల్లబరిచే బ్యాక్టీరియా పొడి, మాత్రం ఫ్రీజర్‌లో ఉంచాల్సింది. ఎండల్లో రోజుల తరబడి పార్శిల్‌లో తిరిగి వచ్చినదైతే బలం తగ్గి ఉండొచ్చు. అది పుల్లబరచకపోతే సలామీకి ఉన్న రక్షణల్లో ఒకటి పోయినట్టే. పులుపు ఎంతుందో చూపే పీహెచ్ పట్టీలతో చూసుకోకుండా ముందుకి వెళ్ళకండి.

నాకు వచ్చిన ప్యాకెట్ ఇలా ఉంటుంది: నిలబెట్టే పారదర్శకమైన జిప్ కవర్, లేత గులాబీ పొడి, ముందు పెద్దగా క్యూరింగ్ అన్న మాట, వెనక పదార్థాల దగ్గర ఉత్త ఉప్పు అని ఒక్క మాట. ఎక్కడా 250 లేదు, శాతం లేదు. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ఇప్పుడే తిప్పి చూడండి. దానితో ఉప్పు పట్టించిన మాంసం ఫ్రిజ్‌లో ఉంటే పొగకి గానీ, బయట ఆరబెట్టడానికి గానీ తీయకండి. అప్పటికే పొగ పట్టించేసి ఉంటే రుచి కూడా చూడకుండా పారేయండి. మీ దగ్గరున్న ఉప్పు లేబుల్ చదవడం రాకపోతే దాని మీది మాటలు ఉన్నవి ఉన్నట్టు కింద రాయండి, ఏ శాతమో, కిలోకి ఎంత వేయాలో కలిసి చూద్దాం.